క్యుబెక్ పిల్లల ఐస్ హాకీ టోర్నమెంటు: ఒక డ్రిల్లు సారు వేసిన మార్కులు

టోర్నమెంటు అంటె నేను ముందుగాల మూడు సంగతులు చూస్త. పిల్లలు యాడ పండుతున్నరు, ఏం తింటున్నరు, బెంచి మీద కూసున్న పోరనికి ఆడే మోక దొరుకుతుందా. కప్పు ఎవరు ఎత్తుకపోయిన్రనేది తెల్లారి పేపర్ల ఎట్లనన్న వస్తది. పరకాల దిక్కు, నర్సంపేట దిక్కు సర్కారు బడులల్ల ముప్పై ఒక్క ఏండ్లు పీఈటీగ చేసిన. మండల కబడ్డీ, జిల్లా ఖోఖో, జోనల్ మీట్లు, ఎన్నిటికి పిల్లలను ఆర్టీసీ బస్సులల్ల తోలుకపోయిన్నో లెక్క లేదు. మొన్నటి ఫిబ్రవరిల కెనడా పోయి మా మనుమని ఆట చూసి వచ్చినంక, హన్మకొండల పొద్దుగాల వాకింగ్‌కు వచ్చేటోళ్లు రోజుకొకరు "సారూ, గా మంచు హాకీ ఎట్లుండె?" అని అడుగుతున్నరు. అందరికి ఒకటే కథ చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇగ రాస్తున్న, చదువుకోన్రి. అటు దిక్కు బిడ్డలు, కొడుకులు ఉన్నోళ్లకు పనికొస్తది.

మా బిడ్డ, అల్లుడు ఒట్టావల ఉంటరు. మనుమనికి పన్నెండేండ్లు. ఐస్ హాకీల గోలీ, అంటె గోల్‌పోస్టు కాడ నిలబడేటోడు. వాళ్ల టీమ్‌కు క్యుబెక్ నగరంల జరిగే పీవీ టోర్నమెంటుకు పిలుపొచ్చింది. పీవీ అంటె పదకొండు పన్నెండేండ్ల పిల్లల క్యాటగిరీ పేరు. మన అండర్ థర్టీన్ అనుకోన్రి. 1960 సంవత్సరంల మొదలువెట్టిన టోర్నమెంటు ఇది. యేటా ఫిబ్రవరిల పది పన్నెండు రోజులు నడుస్తది, వేరే వేరే దేశాలకెళ్లి వంద మీద టీములు వస్తయి. 2021ల కరోనాతోని బందయింది, 2022ల ఫిబ్రవరిల కాక మే నెలల పెట్టిన్రు. ఈ టోర్నమెంటుల ఆడిన పిల్లలల్ల వెయ్యి మంది మీద పెద్దయినంక ఎన్‌హెచ్‌ఎల్‌ల ఆడిన్రు. ఎన్‌హెచ్‌ఎల్ అంటె వాళ్ల ఐపీఎల్ అన్నట్టు. గీ లాఫ్లర్ అనే పేరుమోసిన ఆటగాడు 1960లల్ల ఇక్కడ ఆడినోడే. వేన్ గ్రెట్జ్‌కీ 1974ల బ్రాంట్‌ఫర్డ్ టీమ్ తోని వచ్చినోడే. సచిన్ పేరు చెప్తె మనోళ్లు ఎట్ల లేసి కూసుంటరో, గ్రెట్జ్‌కీ పేరు చెప్తె అక్కడోళ్లు అట్ల. ఎన్‌హెచ్‌ఎల్‌ల ఆయన కొట్టిన 894 గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్ల ఓవెచ్కిన్ అనే రష్యా ఆటగాడు దాటేదాంక ఎవ్వలు ముట్టలే.

చరిత్ర ఇంతే చాలు. పిల్లలు యాడ పండిన్రనే కాడికి వద్దాం.

మా ఊళ్లల్ల జిల్లా మీట్ అంటె ఆతిథ్యం ఇచ్చే బడిల తరగతి గదులు ఖాళీ చేస్తరు. బెంచీలు వరండాల పడేస్తరు. పిల్లలు ఇంటికెళ్లి తెచ్చుకున్న చద్దర్లు పరుసుకొని బండల మీద పంటరు. ఒకసారి, యే ఊరో చెప్పను, రాత్రి పదిన్నరకు అన్నం వచ్చింది. పప్పు అని పోసిన్రు గని గరిటెల నా మొఖం నాకే కనవడ్డది. తెల్లారి ఆరుగంటలకు మా పిల్లలకు ఖోఖో మ్యాచు. కడుపు మాడిన పోరగాళ్లను గ్రౌండుల ఉరికించినందుకు ఇప్పటికి నాకు మనసుల కలుక్కుమంటది. అందుకే క్యుబెక్‌ల పిల్లలను ఏం చేస్తరా అని ముందుగాల్నే బిడ్డను అడిగిన. "బాపూ, మనం హోటల్ల ఉంటం, వాడు వేరేటోళ్ల ఇంట్ల ఉంటడు" అన్నది.

మా ఇంటామె చేతిల ఉన్న చాయ గ్లాసు కిందపెట్టింది. "ఏంది? ముక్కు మొఖం తెల్వనోళ్ల ఇంట్ల పొల్లగాన్ని పండవెడ్తరా? మీకేమన్న బుద్ధి ఉన్నదా?"

"అమ్మా, అక్కడ అందరు అట్లనే చేస్తరే. టోర్నమెంటోళ్లే ఇండ్లు చూసి ఇస్తరు."

"అందరు బాయిల దుంకితె మీరు దుంకుతరా?"

ఒట్టావకెళ్లి క్యుబెక్‌కు కార్ల ఐదు గంటలు. ఆ ఐదు గంటలు ఆమె అల్లునితోని మాట్లాడలే. పాపం ఆయన వెనుకకు మళ్లి "అత్తమ్మా, ఏసీ తగ్గియ్యాల్నా, పెంచాల్నా" అని నాలుగుసార్లు అడిగిండు. బయట మంచు, లోపల ఏసీ ఏందని నవ్వొచ్చింది గని నోరు మూసుకున్న.

సంగతేందంటె, దూరం టీముల పిల్లలను ఆ ఊరి కుటుంబాలు తమ ఇండ్లల్ల ఉంచుకుంటరు. ఒక్కో ఇంట్ల ఇద్దరో ముగ్గురో. పొద్దుగాల తినవెట్టి, బ్యాగు సదిరి, రింకు (మంచు మైదానం) కాడ దించి, మ్యాచు చూసి, చప్పట్లు కొట్టి, మళ్ల ఇంటికి తోలుకపోతరు. ఇది ఆ టోర్నమెంటుల యేండ్లకెళ్లి నడిచే పద్ధతి. మా వానికి దొరికిన ఇల్లు ఒక ముసలి జంటది. ఆమె నర్సుగ చేసి రిటైరయింది. ఆయన బడి బస్సు నడిపేటోడట. వాళ్ల పిల్లలు పెద్దయి పోయిన్రు. ఇంట్ల మెట్ల పక్క గోడకు కిందికెళ్లి మీది దాంక ఫోటోలే. ఒక్కో ఫోటోల ఇద్దరిద్దరు పోరగాళ్లు, ఒక్కో దేశం జెర్సీ, అందరు అదే సోఫా మీద. సోఫా బట్ట మాత్రం నడుమల రెండుసార్లు మారింది. మెట్టు మెట్టుకు ఆగి నేను అన్నీ చూసిన. 2023ల ఉక్రెయిన్ పిల్లల టీమ్ గూడ వచ్చిందట. యుద్ధంతోని దేశానికొకరయిన పిల్లలను ఒక్కకాడ జమ చేసి ఈ టోర్నమెంటుకు తెచ్చిన్రు. ఆ పోరగాళ్లు గూడ ఇట్లనే ఊరోళ్ల ఇండ్లల్లనే ఉన్నరు. అది చెప్పేటప్పుడు పెద్దాయన ఫ్రెంచిల చాన సేపు మాట్లాడిండు, మా బిడ్డ మాత్రం రెండే ముక్కలల్ల తెలుగు చేసి చెప్పింది. ఆమె గొంతుల తేడా వచ్చిందని ఇంగ అడుగలే.

మొదటి రోజు రాత్రి మమ్ముల గూడ భోజనానికి పిలిచిన్రు. మా ఇంటామె అప్పటిదాంక మొఖం ముడుచుకొనే ఉన్నది. బల్ల మీదికి పసుపు బఠాణీల సూపు వచ్చింది. ఆ రాష్ట్రంల అది పాతకాలం వంటనట. ఒక చెంచా నోట్లె పోసుకొని, నా దిక్కు తిరిగి, "పప్పుచారే గదనయ్యా, పోపొక్కటి లేదు" అన్నది. అంతే, ముడి ఇడిసింది. సంచిల నుంచి సకినాల డబ్బ తీసింది. సంక్రాంతికి చేసినయి, మూడు పొరల కవర్లల్ల కట్టి విమానం ఎక్కించినయి. మూడోవంతు ఇరిగినయి, మిగిలినయి బాగనే ఉన్నయి. పెద్దాయన ఒకటి కొరికి, కొంచెం ఆలోచన చేసి, పక్కనున్న మేపుల్ సిరప్‌ల ముంచుకొని తిన్నడు. తర్వాత ఇంకొకటి. తర్వాత డబ్బ ఆయన దిక్కే ఉన్నది. తిరిగి హోటల్‌కు పోయేటప్పుడు కార్ల మా ఇంటామె అల్లునితోని, "అక్క మంచిది. దుప్పటి కింద వేడినీళ్ల సంచి గూడ పెట్టింది, చూసినవా?" అన్నది. అల్లుడు అప్పుడు ఊపిరి పీల్చుకున్నడు.

పండే ఏర్పాటుకు పదికి పది ఇస్తున్న. నా సర్వీసుల యే మీట్‌కు ఆరు దాటి వెయ్యలే.

ఇగ ఆట. నిజం చెప్త, మొదటి పది నిమిషాలు నాకు ఏమీ సమజ్ కాలే. పక్ అనేది బంతికి బదులు వాడేది, మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న రబ్బరు ముక్క. మాడిపోయిన గారె లెక్క ఉంటది. ఎగరకుంట ఉండాలని ఆటకు ముందు దాన్ని ఫ్రీజర్ల పెడుతరు. అది కదులుతుంటె నా కండ్లకు అందలే. అందరు లేచి అరుస్తరు, నేను గూడ లేస్త, అప్పటికే గోలయి ఉంటది. సగం మ్యాచు అయినంక తెలివొచ్చింది. పక్‌ను చూడొద్దు, పిల్లల నడుములు చూడాలె. కబడ్డీల రెయిడర్ చేతులు చూస్తె మోసపోతం, నడుము చూస్తె యాడికి పోతడో తెలుస్తది. ఇక్కడ గూడ గంతే. నడుము తిరిగిన దిక్కే పక్ పోతది. కొత్తగ పోయేటోళ్లకు నేను ఇచ్చే సలహా ఇదొక్కటే.

నాకు బాగ నచ్చింది ఏందంటె బ్యాచులు మారుడు. మంచు మీద ఒక్కో దిక్కు ఐదుగురు ఆడుతరు, గోలీ వేరె. ఆ ఐదుగురు ముప్పావు నిమిషం ఆడుతరో లేదో, గోడ దుంకి బెంచి మీదికి వస్తరు, ఇంకో బ్యాచు దుంకుతది. ఆట ఆగదు. ముందుండి దాడి చేసేటోళ్లు ముగ్గురు, ఎప్పటికి ఒక్క జట్టుగ దిగుతరు. ఖోఖోల డిఫెండర్లు ముగ్గురు ముగ్గురు దిగినట్టే ఉన్నది. ముగ్గురికి ఒకరి కాలు ఒకరికి తెల్వాలె, ఒకరి ఊపిరి ఒకరికి తెల్వాలె. ఈ ముక్క నేను అల్లునికి చెప్తె, పదేండ్లకెళ్లి హాకీ చూస్తున్నోడు, "అవును మామయ్యా, నాకు తట్టలే" అన్నడు. ఆ రోజు నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగినయి.

భయం గూడ ఉండె. టీవీల ఐస్ హాకీ అంటె గుద్దుకునుడు, పండ్లు రాలగొట్టుకునుడు చూసి ఉన్న. మా బిడ్డ చెప్పింది, 2013ల హాకీ కెనడా పీవీ వయసు వరకు ఒంటితోని కావాలని గుద్దుడు బందు చేసిందని. చూసినంక సమాధానమయింది. తగులుతరు, పడుతరు, గోడకు ఒరుసుకుంటరు, గని పగపట్టి కొట్టుడు లేదు. కొట్టబోయిన పోరన్ని రెఫరీ రెండు నిమిషాలు పక్క డబ్బల కూసోవెడ్తడు. ఆ రెండు నిమిషాలు వాళ్ల టీమ్ ఒకడు తక్కువతోని ఆడాలె. తప్పు వానిది, కష్టం దోస్తులది. డబ్బల కూసున్న పిల్లగాని మొఖం చూసిన, బడిల గోడకుర్చీ ఏసినోని మొఖమే.

స్టేడియం గురించి ఒక్క మాట. పెద్ద మ్యాచులు వీడియోట్రాన్ సెంటర్ల. 2015ల కట్టిన్రు, పద్దెనిమిది వేల మంది పడుతరు. ఆ ఊరికి ముందు నార్డిక్స్ అని సొంత ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ ఉండె. 1995ల అది అమెరికాల కొలరాడోకు ఎల్లిపోయింది. పోయిన మరుసటేడే అక్కడ కప్పు కొట్టింది! గుండెకాయ కోసినట్టు ఉంటది గదా. ఎన్నటికన్న తిరిగి ఒక టీమ్ వస్తదని ఈ స్టేడియం కట్టుకున్నరు, ఇంకా రాలే. పెద్దలు లేని ఇంట్ల పిల్లలే దర్బారు చేసినట్టు, ఫిబ్రవరిల పన్నెండేండ్ల పోరగాళ్లు ఆ మంచును ఏలుకుంటరు. వేల మంది వాళ్ల కోసం టికెట్టు కొని వస్తరు. యే పిల్లతోని చుట్టరికం లేనోళ్లు, ఊరి ముసలోళ్లు, సంచిల టిఫిన్ పెట్టుకొని. మన దగ్గర బడి పిల్లల ఫైనల్ మ్యాచుకు తల్లిదండ్రులే రారు.

పన్నెండేండ్ల పిల్లలకు అంత పెద్ద స్టేడియం, అంత జనం అవసరమా అని నా మనసుల ఒక మూలకు ఉన్నది. మనుమని టీమ్‌ల ఒక పిల్లగాడు మొదటి మ్యాచుకు ముందు బాత్రూంల కక్కుకున్నడు. ఈ ఒక్క లెక్కల నేను మార్కులు కోస్తున్న. టోర్నమెంటోళ్ల తప్పని కాదు, పెద్దలం మనం అందరం పిల్లల ఆటకు పెట్టే బరువు అది.

నడుమల మంచు సాపు చేసే బండి వస్తది, జాంబోనీ అంటరు. పీరియడ్ పీరియడ్‌కు మంచు మీది గీతలు గీకి, వేడినీళ్లు పరిచి, అద్దం లెక్క చేసి పోతది. చన్నీళ్లు కాదు, వేడినీళ్లు. వేడివి అయితె గీతలల్లకు దిగి మంచిగ అతుక్కుంటయట. ముప్పై ఏండ్లు నేను గ్రౌండుకు నీళ్లు చల్లిపిచ్చి, సున్నం పోసి గీతలు గీయించినోన్ని. పిల్లలందరు ఫోన్లు చూసుకుంటుంటె నేనొక్కన్నే ఆ బండి ఆఖరి చుట్టు దాంక నిలబడి చూసిన.

మొదటి మ్యాచు మా వాళ్లే గెలిచిన్రు, 3-1. మనుమడు ఆడలే. టీమ్‌కు ఇద్దరు గోలీలు, ఆ రోజు వేరే పిల్లగాని వంతు. బెంచి చివరకు మా వాడు తలుపు కాడ నిలబడ్డడు. మంచు మీదికెళ్లి ఎవలన్న అలిసి వస్తుంటె తలుపు తీసుడు, పోయినంక పెట్టుడు. ఒంటి మీద ఏనుగంత సామాను, చేస్తున్న పని మాత్రం అది. మా ఇంటామె చూసీ చూసీ, "మనం ఇంత దూరం వచ్చింది వీడు తలుపు తీసుడు చూడనీకా?" అన్నది. మా బిడ్డ ఏమనలే. నేను గూడ ఏమనలే. బెంచి మీది పోరని తల్లి మొఖం ఎట్లుంటదో నాకు తెలుసు. గిప్పటిదాంక అటు పక్కకు నిలబడి చూసినోన్ని, మొదటిసారి ఇటు పక్కకు వచ్చిన.

రెండో మ్యాచుకు వీన్ని దించిన్రు. రింకులకు పోంగనే రెండు గోలు కమ్ములను కర్రతోని టక్కు టక్కుమని కొట్టిండు. ముందు ఎడమ, తర్వాత కుడి, మళ్ల ఎడమ. నీళ్ల సీసాను గోలు మీద పెట్టిండు. మంచును చెప్పులతోని అటు ఇటు గీకిండు. ఆ చెప్పులంటె స్కేట్లే. అవతల టీమ్ పిల్లలు ఎత్తుల మా వాళ్ల కంటె జానెడు ఎక్కువున్నరు. మొదటి గోలు కాళ్ల నడుమలకెళ్లి పోయింది. నా పక్కకు కూసున్న నర్సమ్మ, అంటె మా వాడు ఉన్న ఇంటి పెద్దామె, నా మోచెయ్యి పట్టుకున్నది. తర్వాత ఒకడు ఒంటరిగ ఉరికొచ్చిండు, నడుము కుడికి తిప్పిండు, నేను "కుడి!" అని తెలుగుల అరిసిన. నా మాట వానికి ఇనవడలే, అద్దం అడ్డం ఉంటది. గని వాడు కుడికే పోయిండు. భుజానికి తాకి పక్ పైకి లేసి, తెర వెనుకకు పడ్డది. మాస్క్ లోపలికెళ్లి ఆవిరి వస్తుండె. సీసా తీసి నోట్లె కాక మొఖం మీద కొట్టుకున్నడు.

ఓడిపోయిన్రు, 4-2. ఆఖర్న రెండు టీములు వరుసగ నిలబడి ఒకరి చేతులు ఒకరు పట్టుకుంట పోతరు. ఆ ఆటల అది ఆచారం. అవతలి గోలీ మా వాని ముందర ఆగి, వీని కాలి ప్యాడ్‌ను కర్రతోని తట్టిండు. ఏమో అన్నడు. ఏమన్నడని తర్వాత అడిగితె, "తాతా, నాకు ఫ్రెంచి రాదు, వానికి ఇంగ్లీషు రాదు" అన్నడు వీడు.

ఆ రాత్రి నర్సమ్మ చెప్పిన ముచ్చట గూడ రాయాలె. 1984ల ఈ టోర్నమెంటుల మనోన్ రియోమ్ అనే పదకొండేండ్ల పిల్ల గోలీగ ఆడింది. ఇక్కడ గోల్ కాపు కాసిన మొదటి ఆడపిల్ల ఆమెనే. 1992ల టాంపా బే టీమ్ తరఫున ఒక ఎన్‌హెచ్‌ఎల్ ప్రాక్టీసు మ్యాచుల దిగింది, అట్ల దిగిన మొదటి ఆడమనిషి గూడ ఆమెనే. 1998 నాగానో ఒలింపిక్స్‌ల కెనడాకు వెండి పతకం వచ్చిన టీమ్‌ల ఉన్నది. నర్సమ్మ ఇది వట్టి చరిత్ర లెక్క చెప్పలే, మా మనుమడు నాలుగు గోల్స్ తిని తల వంచుకొని సూపుల చెంచా తిప్పుతుంటె చెప్పింది. వాడు తల ఎత్తి, "ఆమెకు ఎన్ని గోల్స్ పడ్డయి?" అని అడిగిండు. నర్సమ్మ, "చానా" అన్నది. నేను గూడ మనోళ్ల ముచ్చట ఒకటి ఏసిన. 2025ల ఐస్ హాకీ మహిళల ఆసియా కప్పుల ఇండియాకు కంచు పతకం వచ్చింది, ఆ టీమ్‌ల ఎక్కువ మంది లడఖ్ పిల్లలే, చలికాలం గడ్డ కట్టిన చెరువుల మీద ఆడి నేర్చుకున్నోళ్లు. పెద్దాయన ఫోన్ల లడఖ్ మ్యాపు తీయమన్నడు, ఎత్తెంతో చూసి ఈల ఏసిండు.

ఇప్పుడు బిళ్లల సంగతి. ఈ టోర్నమెంటుల ప్రతి టీమ్ తన బొమ్మతోని, బట్టకు సూదితోని గుచ్చుకునే చిన్న చిన్న బిళ్లలు చేయించి తెస్తది. పిల్లలు ఒకరివి ఒకరు మార్చుకుంటరు. స్టేడియం వరండాల మెట్ల కింద, క్యాంటీన్ పక్కకు, యాడ చూడు తువ్వాల పరుసుకొని దాని మీద బిళ్లలు గుచ్చుకొని బేరం చేసే పోరగాళ్లే. ఇది ముందుగాల్నే బిడ్డ చెప్పింది. మా మనుమనికి కొత్తోళ్లతోని మాట్లాడాలంటె సిగ్గు. నాకొక ఆలోచన వచ్చింది. జనగామ కాడ పెంబర్తికి పోయి, ఇత్తడి పని చేసే ఒకాయనకు చెప్పిన. కాకతీయ తోరణం, అంగుళంన్నర సైజు, అరవై బిళ్లలు. "సారూ, గింత చిన్నగ తోరణం కొడితె హంసలు కోళ్లయితయి" అన్నడు. రేకును లక్క మీద అతికించి, సన్న ఉలితోని ఒక్కో గీత కొట్టిండు. హంసలు నిజంగనే కోళ్లయినయి. ఒక్కోటి తొంభై రూపాయలు.

అక్కడి పోరగాళ్ల బిళ్లలన్నీ ఫ్యాక్టరీల చేసినయి, రంగుల పూత, అన్నీ ఒక్క తీరు. మావి ఒకదానికొకటి పొంతన లేదు, ఒకటి మందం, ఒకటి పలుచన. తువ్వాల పరిచిన పావుగంటల మనుమని చుట్టు గుంపు. స్విట్జర్లాండ్ పిల్లగాడు ఒకడు రెండు కోళ్లున్నది కావాలని ఏరుకున్నడు. అమెరికా పోరగాళ్లు ఒక తోరణానికి మూడు ఇస్తమన్నరు. మా వాడు, ఇంట్ల నోరు తెరవనోడు, జోరుగ బేరం ఆడవట్టిండు. "హ్యాండ్‌మేడ్" అంటడు, వేలు చూపెట్టి ఉలి దెబ్బ చూడమంటడు. మా ఇంటామె వరంగల్ చౌరస్తాల ఆకుకూరల బేరం ఆడే తీరే. సాయంత్రానికి యాభై రెండు పోయినయి. ఒక్కటే లోపం. వెనుక టాకా (టంకం) పెట్టిన సూది నాలుగైదింటికి ఊడిపోయింది. ఒక పిల్ల తిరిగొచ్చి సూది ఒక చేతిల, తోరణం ఒక చేతిల పెట్టుకొని నిలబడ్డది, ఏడుపు మొఖం. మనుమడు ఇంకోటి ఇచ్చి పంపిండు, ఊడింది గూడ ఉంచుకొమ్మన్నడు.

పెద్దాయన తన టోపీకి ఒకటి గుచ్చుకొని అడిగిండు, ఈ దర్వాజల నుంచి పోతె ఏమొస్తది అని. వరంగల్ కోటల అసుంటియి నాలుగు దిక్కుల నాలుగున్నయి, నడుమల గుడి ఉండె, ఇప్పుడు రాళ్లే మిగిలినయి అని చెప్పిన. ఆయన తన ఊరి కోటగోడ చూపెట్టనీకి తెల్లారి తోలుకపోయిండు. వాళ్ల గోడ ఇంకా పూర్తిగ ఉన్నది. పోటీ పడలే నేను.

తిండికి మార్కులు ఏయాలంటె కష్టం. పూటీన్ అని ఉంటది, ఆలుగడ్డ ఫ్రైస్ మీద జున్ను ముక్కలు ఏసి, వేడి గ్రేవీ పోస్తరు. జున్ను ముక్క నములుతుంటె కీచుమంటది. గ్రేవీల ఏ మాంసం ఉన్నదో అడిగి తినున్రి. శనివారం మా ఇంటామె ఫ్రైస్ ఒక్కటే తిన్నది. అదే దినాలల్ల ఊర్ల చలికాలం జాతర నడుస్తది, కార్నివాల్ అంటరు. 1955 నుంచి యేటా చేస్తున్నరు. ఎర్ర టోపీ, రంగుల నడికట్టు ఏసుకున్న మంచుబొమ్మ దానికి దొర. అక్కడ మేపుల్ పాకం తినకుంట రావొద్దు. శుభ్రమైన మంచు ఒక తొట్టిల నింపి, మీద కాగే పాకం ధారగ పోస్తరు. అది గట్టివడంగనే పుల్లకు చుట్టి ఇస్తరు. మా ఇంటామె ధార చూసి, "ఉండపాకానికి ఒక్క నిమిషం ముందు దింపిన్రు" అన్నది. పొయ్యి కాడి మనిషికి అర్థం కాకున్నా తలకాయ ఊపిండు. మేడారంల బెల్లాన్ని బంగారం అన్నట్టు ఈళ్లకు ఈ పాకం, నా లెక్క ప్రకారం.

చలి ముచ్చట చెప్పకుంటె తప్పయితది. మేం పోయిన వారంల ఒక పొద్దు మైనస్ ఇరవై రెండు ఉండె. హన్మకొండల ఒక దుకాణపాయన "మైనస్ ముప్పైకి గూడ ఆగుతది సారూ, నాది గ్యారంటీ" అని అంటగట్టిన లోపలి బనీను, కారు కాడికెళ్లి స్టేడియం తలుపు దాంక గూడ ఆగలే. ముక్కుల తడి గడ్డకట్టి సూదులు గుచ్చినట్టయింది. అల్లుని పాత కోటు ఏసుకున్న, చేతులు గుంజి గుంజి ఏసుకోవాల్సొచ్చింది. మంకీ క్యాప్ మాత్రం మనదే గెలిచింది. మీరు పోతె బట్టలు ఆడనే కొనున్రి, ఇక్కడ పైసలు పారేసుకోకున్రి. స్టేడియం లోపల అంత చలి ఉండదు, కోటు తోని హాయిగ కూసోవచ్చు. అనౌన్స్‌మెంటు ముందుగాల ఫ్రెంచిలనే ఇనవడుతది, భాష తెల్వని నాసుంటోళ్లు స్కోరు బోర్డు నమ్ముకోవాలె. గోలీ సామాను ధర ఎంతని బిడ్డను అడిగిన. "వద్దులే బాపూ" అన్నది. రెండోసారి అడిగిన, అప్పుడు గూడ గదే మాట.

ఎవరు పోవచ్చు? ఫిబ్రవరిల ఆ దేశంల ఉండే పని పడ్డ తాతమ్మమ్మలు తప్పకుంట పోవాలె, మనుమడు ఆడకున్నా సరే. ఆట తెల్వాల్సిన పని లేదు. పీఈటీలు, పిల్లల టోర్నమెంట్లు పెట్టేటోళ్లు పోతె ఇంకా మంచిది, పోలేకుంటె కనీసం ఆ ఇండ్లల్ల ఉంచుకునే పద్ధతి గురించి అడిగి తెలుసుకోవాలె. మోకాళ్ల నొప్పులున్నోళ్లు బయట మంచు మీద జాగ్రత్త. మొత్తం మీద పదికి తొమ్మిది. తగ్గిన ఒక్కటి ఆ కక్కుకున్న పిల్లగాని పేరు మీద.

వచ్చినంక పది రోజులకు నర్సమ్మ బిడ్డకు మెసేజ్ పెట్టింది. ఆయన టోపీది చూసి వాడకట్టోళ్లు అడుగుతున్నరట, ఆరు తోరణాలు దొరుకుతయా అని. పెంబర్తికి పోయి సూది ఊడిన సంగతి చెప్పిన. ఆయన ఒకటి చేతిల పట్టుకొని గోటితోని గీకి చూసి, "టాకా చలికి పగిలింది సారూ, మా తప్పు కాదు" అన్నడు. ఆఖరికి రెండు చోట్ల టాకా పెట్టనీకి ఒప్పుకున్నడు, ఒక్కోటి నూటపది. మా ఇంటామె అండ్లనే ఒక సకినాల ప్యాకెట్టు పెట్టింది. కొరియర్ పిల్లగాడు తూకం ఏసి, చెప్పిన ధర బిళ్లలకంటె నాలుగింతలు ఎక్కువ ఉన్నది.

"లోపల ఏమున్నది సారూ? ఫారంల రాయాలె."

"ఇత్తడి బిళ్లలు, సకినాలు."

"సకినాలకు ఇంగ్లీషుల ఏం రాయాలె?"

ఇద్దరం కొంచెం సేపు నిలబడ్డం. తర్వాత వాడే ఏదో రాసుకున్నడు.